బ్రష్‌లో చిక్కిన పోగులు

లక్ష్మీరాజానికి పక్షవాతం వచ్చింది కార్ఖానాలో సాంచాల దగ్గర కాదు, ఇంట్లో, పొద్దున చాయ్ తాగుతుండగా. చేతిలోని కప్పు జారి బండ మీద పడింది. వంటింట్లోంచి భార్య స్వరాజ్యం "ఏంది, పలగ్గొట్టినవా?" అని కేకేసింది. జవాబు రాలేదు. వచ్చి చూస్తే ఆయన కుర్చీలో కుడిపక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. నోరు తెరుస్తున్నాడు గానీ మాట రావడం లేదు. పెదవి ఒక మూలకు లాగేసింది.

కొడుకు శివకృష్ణ ఇంకా డ్యూటీకి బయల్దేరలేదు కాబట్టి వెంటనే ఆటోలో వేసుకుని దవాఖానాకు తీసుకుపోయాడు. ఆలస్యం కాకపోవడం వల్లే మనిషి దక్కాడన్నారు డాక్టర్లు. కొన్నాళ్ళకు లేచి కూర్చున్నాడు. గోడ పట్టుకుని కాలు ఈడుస్తూ బాత్రూమ్ దాకా నడవసాగాడు. మాట మాత్రం ముద్దముద్దగా వచ్చేది. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకునే ఉండిపోయింది.

ఆయన పనంతా చేతులతోనే. సిరిసిల్ల పక్క నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చాడు. ఇక్కడి మనవాళ్ళు సాంచాలు అని పిలిచే మరమగ్గాలు నడుపుతూనే పెళ్ళి చేసుకున్నాడు, కొడుకును చదివించాడు, నవాగామ్‌లో రెండు గదులు, ఒక వంటిల్లు కట్టుకున్నాడు. నడుస్తున్న సాంచాలో పోగు తెగితే చూడకుండానే ముడివేసేవాడని తోటివాళ్ళు చెప్పుకునేవారు. అలాంటి చెయ్యి ఇప్పుడు ఒళ్ళో పడి ఉంటే, దాని వైపు చూడడం కూడా మానేశాడు.

ఫిజియోథెరపీ చేయించడానికి సంతోషి అనే పిల్ల వారానికోసారి వచ్చేది. తెలుగువాళ్ళ పిల్లే. సూరత్‌లోనే పుట్టి పెరగడంతో ఆమె మాటలో సగం హిందీ ఉండేది. నొక్కడానికి మెత్తటి బంతి ఒకటి ఇచ్చి, "కాకా, రోజూ దబాయించాలె. చెయ్యి తెరుచుకుంటది, సచ్చీ చెప్తున్న" అని చెప్పింది. ఆమె గడప దాటగానే లక్ష్మీరాజం ఎడమచేత్తో ఆ బంతిని మంచం కిందికి విసిరేసేవాడు. చిన్నపిల్లలు ఆడుకునే బంతి నొక్కుతూ కూర్చోవడం ఆయనకు తలవంపుగా ఉండేది. చూడడానికి వచ్చిన పాత స్నేహితులకు కూడా ముఖం చూపించేవాడు కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆయనతోపాటు ఒకే కార్ఖానాలో ఏళ్ళ తరబడి పనిచేసిన పరమేశ్ రెండుమూడుసార్లు వచ్చి, ఆ వీపునే చూసి, కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. తర్వాత ఆయనా రావడం మానేశాడు.

ఇల్లంతా స్వరాజ్యం మీదే పడింది. ఆమె ఇంటి దగ్గరే ధాగా కటింగ్ చేస్తుంది. ఎంబ్రాయిడరీ మిషన్ల మీది నుంచి చీరల మూటలు వస్తాయి. వాటి వెనకవైపు వేలాడే దారపు కొసలన్నీ చిన్న కత్తెరతో కత్తిరించి తిరిగి పంపాలి. అందుకని ఆ ఇంట్లో బండల మీద ఎప్పుడూ దారపు ముక్కలే. ఎరుపు, పచ్చ, జరీ, ఏ రంగు చీరలు వస్తే ఆ రంగు. ఎంత ఊడ్చినా మళ్ళీ కాళ్ళకు చుట్టుకుంటాయి. పక్క వీధి కార్ఖానాల నుంచి గాలిలో వచ్చే పత్తి నూగు దీనికి తోడు.

అది చాలదన్నట్టు లక్ష్మీరాజం ఎడమచేత్తో తింటుంటే అన్నం కింద పడేది. గ్లాసు ఎత్తితే నీళ్ళు ఒలికేవి. ఆయన తిన్న ప్రతిసారీ స్వరాజ్యం గుడ్డ తెచ్చుకుని వంగి తుడిచేది. అరిగిపోయిన మోకాళ్ళు ఆమెవి. వంగినప్పుడు ఒకసారి, లేచినప్పుడు ఒకసారి తనకు తెలియకుండానే "అమ్మా" అనేది.

కోడలు నీరజ ఉద్నాలో ఒక దంతవైద్యశాలలో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. పొద్దున వెళ్తే సాయంత్రమే రావడం. అత్తకు సాయం చేయలేకపోతున్నానని ఆమెకు మనసులో ఉండేది. ఒకరోజు మామ మంచం పక్కనున్న నీళ్ళ సీసా పొద్దున తాను నింపినట్టే నిండుగా ఉండడం చూసింది. మర్నాడూ అంతే. "మామయ్యా, నీళ్ళు తాగుతలేవా?" అని అడిగితే ఆయన చెయ్యి ఊపి కళ్ళు మూసుకున్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి. కొద్దిరోజులకే జ్వరం వచ్చింది. నీళ్ళు సరిగ్గా తాగకపోవడం వల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ అని చెప్పి డాక్టర్ మందులిచ్చాడు. జ్వరం తగ్గింది. సీసా మాత్రం అలాగే నిండుగా ఉండేది. ఎందుకు తాగడం లేదో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ రోజుల్లోనే నీరజ ఒక సాయంత్రం ఆటోలో పెద్ద అట్టపెట్టె తీసుకుని దిగింది.

"ఇదేందే?" అంది స్వరాజ్యం.

"ఇల్లు ఊడ్చే మిషన్ అత్తమ్మా. ఊడుస్తది, తడిగుడ్డ గూడ పెడ్తది. మా దవాఖాన్ల హైమవతి మేడమ్ ఇచ్చింది. వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వైజాగ్ పోతున్నరు గద. అక్కడ వాళ్ళమ్మ ఇంట్ల ఇసొంటిదే ఉందట. 'మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పులన్నావుగా, తీసుకెళ్ళు' అన్నది."

స్వరాజ్యం ముఖం ముడుచుకుంది. "ఏం, నేను ఊడ్చుడు సక్కగ లేదా?"

"అయ్యో, గట్ల కాదత్తమ్మా..."

"మరెట్ల? పెద్దపెద్దోళ్ళ ఇండ్లల్ల తిరిగేది మన రెండర్రల ఇంట్ల ఏం తిరుగుతది? మంచం కింద దూరి ఆడనే పంటది."

నీరజ పెట్టెను గోడ వారగా పెట్టింది. ఆదివారం శివకృష్ణ పెట్టె విప్పాడు. పళ్ళెంలా గుండ్రంగా, తెల్లగా ఉంది మిషన్. పక్కన చీపురుపుల్లల్లాంటివి తిరుగుతాయి. అడుగున అడ్డంగా ఒక గుండ్రటి బ్రష్, దాని వెనక తడిగుడ్డ. నీళ్ళు పోయడానికి చిన్న డబ్బా. గోడకు ఆనించిన స్టాండ్ దగ్గర అదే వెళ్ళి ఛార్జింగ్ పెట్టుకుంటుంది. రెండు గదుల మధ్య గడప ఎత్తుగా ఉండడంతో అది దాటలేకపోయింది. శివకృష్ణ పాండేసరలో తాను పనిచేసే డైయింగ్ మిల్లు నుంచి పనికిరాని చెక్కముక్కలు రెండు తెచ్చి, గడపకు రెండు వైపులా వాలుగా దిగ్గొట్టాడు. మిషన్ మెల్లగా ఎక్కి అవతలికి దిగింది.

మిషన్ మాట్లాడింది కూడా. హిందీలో, ఒక ఆడమనిషి గొంతుతో, "సఫాయీ షురూ కర్ రహీ హూఁ" అంది, శుభ్రం చేయడం మొదలుపెడుతున్నానని.

"ఇది గూడ హిందీల్నే మాట్లాడ్తదా!" అని స్వరాజ్యం ముక్కు మీద వేలేసుకుంది.

లక్ష్మీరాజం కుర్చీలోంచి చూస్తూ ఉన్నాడు.

మిషన్ సంబరం ఎక్కువసేపు నిలవలేదు. స్వరాజ్యం చీరలు ముందేసుకుని కూర్చునే చోటికి వెళ్ళిన కాసేపటికే గుర్రుమని ఆగిపోయింది. "ముఖ్య బ్రష్ ఫస్ గయా హై. కృపయా బ్రష్ సాఫ్ కీజియే" అంది. బ్రష్ ఇరుక్కుపోయింది, శుభ్రం చేయమని. తిప్పి చూస్తే బ్రష్ నిండా దారాలు కండెలా చుట్టుకుపోయి ఉన్నాయి. శివకృష్ణ బ్లేడుతో కోసి తీశాడు. మర్నాడు మళ్ళీ అదే పాట. ఆ మర్నాడూ అదే. పగలు కొడుకూ కోడలూ ఉండరు కాబట్టి అది ఎక్కడ ఆగితే అక్కడే సాయంత్రం దాకా పడి ఉండేది.

"నా పనికి తోడు దీని పని గూడనా? మూలకు పెట్టుండ్రి" అంది స్వరాజ్యం. నీరజ చిన్నబోయింది గానీ, "ఇంకొన్ని దినాలు సూద్దాం అత్తమ్మా" అని బతిమాలుకుంది.

ఒక మధ్యాహ్నం స్వరాజ్యం కత్తిరించిన చీరల మూట అప్పగించడానికి వీధి చివరికి వెళ్ళింది. వెళ్ళే ముందు మిషన్ మీద బటన్ నొక్కిపోయింది. అది గదంతా తిరిగి తిరిగి లక్ష్మీరాజం కుర్చీ ముందుకొచ్చి ఆగిపోయింది. "ముఖ్య బ్రష్ ఫస్ గయా హై" అని మొదలుపెట్టింది. కాసేపు ఊరుకుని మళ్ళీ అదే మాట. మళ్ళీ అదే మాట. ఆయన ఎడమకాలితో తన్నాడు. కొంచెం జరిగి, "కృపయా బ్రష్ సాఫ్ కీజియే" అంది.

దాని నోరు మూయించడం ఎలాగో ఆయనకు తెలియదు. చివరికి కుర్చీ పట్టుకుని మెల్లగా కిందికి జారి, బండ మీద కూర్చుని, ఎడమచేత్తో దాన్ని వెల్లకిలా తిప్పాడు.

బ్రష్ మీద దారాలు చూడగానే ఆయన చూపు అక్కడే ఆగిపోయింది. సాంచాలో పోగు తెగి తిరిగే రోలర్‌కు చుట్టుకుపోతే ఇలాగే ఉంటుంది. కోసేస్తే ముక్కలు ముక్కలై లోపలికి పోతాయి. కొస వెతికి పట్టుకుంటే చుట్టుకున్న దారినే విడిపోతుంది. ఆయన ఎడమచేతి గోటితో కొస వెతికాడు. దొరికింది. లాగితే బ్రష్ కూడా దాంతోపాటే గిర్రున తిరిగింది. దాన్ని పట్టి ఉంచడానికి ఇంకో చెయ్యి కావాలి. ఆయన చుట్టూ చూశాడు. ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడు ఎడమచేత్తోనే కుడిచేతి పిడికిలిని ఎత్తి, రాయి పెట్టినట్టు బ్రష్ మీద పెట్టాడు. బ్రష్ కదలకుండా నిలిచింది. కొస పట్టుకుని లాగాడు. దారం వచ్చింది. తర్వాత ఇంకొకటి.

స్వరాజ్యం తలుపు తోసుకుని వచ్చేసరికి భర్త బండ మీద కూలబడి ఉన్నాడు. "అయ్యో, పడ్డవా? ఎక్కడ తాకింది?" అంటూ పరుగెత్తింది.

ఆయన తల అడ్డంగా ఊపి, ఎడమచేత్తో ఒక ఎర్రదారం ఎత్తి చూపించాడు. "పో... గు" అన్నాడు.

ముద్దగానే వచ్చింది మాట. అయినా స్వరాజ్యానికి స్పష్టంగా వినిపించింది. ఆమె మూట కట్టుకునే గుడ్డ పక్కన పడేసి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన పక్కన చిన్న దారాల కుప్ప ఉంది. మిగిలిన దారాలు కూడా తీసేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. ఆమె సాయం చేయబోతే ఆయన మోచేత్తో నెట్టేశాడు.

ఆ రోజు నుంచి మిషన్ ఆగినప్పుడల్లా దారాలు తీసే పని ఆయనదే అయింది. దూరంగా ఆగితే స్వరాజ్యమే తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేది. బ్రష్ బయటికి తీయాలంటే రెండు వైపులా ఉన్న రెండు మీటలను ఒకేసారి నొక్కాలి. మొదట్లో ఎడమ మీట ఆయన, కుడి మీట ఆమె నొక్కేవారు. "ఆఁ" అని ఆయన అనగానే ఆమె నొక్కాలి. ఒక్కోసారి ఆమె ముందే నొక్కేస్తే ఆయన కోపగించుకునేవాడు. జబ్బు చేశాక ఆయన కోపం తెచ్చుకోవడం అదే మొదలు. లోలోపల స్వరాజ్యానికి సంతోషంగానే ఉండేది.

సంతోషి వచ్చి ఈ సంగతి చూసింది. ఆమె బంతి మంచం కింద దుమ్ము కొట్టుకుని ఉంది. దాన్ని వదిలేసి ఆయన పక్కనే చతికిలబడింది.

"అరే వా, కాకా! బంతి వద్దులే, తీస్కపోతా. గిదే చేయి. కానీ పిడికిలి గట్ల పెట్టకు. జర బొటనవేలు తెరువు. బస్, గంతే. దారం గీ రెండు వేళ్ళ నడుమ పట్టుకో. జారితే జారనీ."

జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. అలా వానలు వచ్చి వెళ్ళాయి. బొటనవేలు ముందు కదిలింది, దాని వెనక చూపుడువేలు. మిగతా మూడు వేళ్ళు మొండికేసినా, ఆ రెండింటి మధ్య దారం నిలవడం మొదలైంది. సంతోషి వచ్చినప్పుడల్లా కొత్త పని అప్పజెప్పేది. మిషన్ తడిగుడ్డ పిండడం, నీళ్ళ డబ్బా మూత తిప్పడం. ఆయన గొణుక్కుంటూనే చేసేవాడు.

ఆ రోజుల్లోనే నీరజ ఇంకో ఏర్పాటు చేసింది. మామ కుర్చీ చుట్టూ ఉన్న చోటును ఫోన్‌లో గుర్తుపెట్టి, భోజనాలు అయ్యాక మిషన్ అక్కడికి వచ్చి తడిగుడ్డ పెట్టేలా చేసింది. తొలిరోజు లక్ష్మీరాజం అనుమానంగా చూశాడు. గ్లాసు ఎత్తితే ఎప్పటిలాగే నీళ్ళు ఒలికాయి. స్వరాజ్యం గుడ్డ కోసం లేవబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, స్టాండ్ వైపు చూపించాడు. కాసేపటికి మిషన్ దానంతటదే వచ్చింది. ఆయన కాళ్ళ చుట్టూ తిరిగి, మెతుకులు లాగేసుకుని, తడి తుడుచుకుని వెళ్ళిపోయింది. అది వెళ్ళాక ఆయన గ్లాసు మళ్ళీ నింపమని సైగ చేశాడు. గటగటా తాగాడు. ఇంకో గ్లాసు కూడా తాగాడు.

సాయంత్రం నీరజ వచ్చేసరికి మంచం పక్క సీసా ఖాళీగా ఉంది. "అత్తమ్మా, నువ్వు పారబోసినవా?" అంది.

"నేనెందుకు పారబోస్త! తాగిండు." స్వరాజ్యం భర్త వైపు తిరిగింది. "ఇన్ని దినాలు ఎందుకు తాగకపోతివి? జ్వరం తెచ్చుకుంటివి గానీ నీళ్ళు ముట్టకపోతివి. ఇయ్యాల ఏమైందయ్యా నీకు?"

లక్ష్మీరాజం మాటలు కూడదీసుకోవడానికి సమయం పట్టింది. మిషన్ వైపు చూపించాడు. "అది... గొణగదు."

"అంటే నేను గొణిగిన్నా?" స్వరాజ్యానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్కనాడన్న ఒక్కమాట అన్నానా నిన్ను? కోడలున్నది, చెప్పమను."

"నువ్వు కాదు." ఆయన చెయ్యి చాచి ఆమె మోకాలు తట్టాడు. "ఇవి."

స్వరాజ్యానికి వెంటనే అర్థం కాలేదు. నీరజకు ముందు అర్థమైంది. ఆమె గబుక్కున వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. నీళ్ళు ఒలికినప్పుడల్లా స్వరాజ్యం వంగుతుంది. వంగినప్పుడల్లా "అమ్మా" అంటుంది. ఆ మాట వినలేక ఆయన దాహం చంపుకున్నాడు. మాట రాని మనిషి ఆ సంగతి ఎవరికి చెప్పగలడు?

స్వరాజ్యం తన మోకాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత "పిచ్చోడా" అంది. పెళ్ళయిన తర్వాత భర్తను ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన వంకర పెదవితో నవ్వాడు.

చలికాలం మొదట్లో మిషన్‌కు జబ్బు చేసింది. కుడివైపు చక్రం తిరగడం మానేసింది. బటన్ నొక్కితే ముందుకు పోకుండా ఉన్నచోటే గుండ్రంగా తిరిగేది. లక్ష్మీరాజం తిప్పి చూశాడు. బ్రష్ శుభ్రంగానే ఉంది. చక్రం మాత్రం బిగుసుకుపోయింది. దాన్ని విప్పడం ఆయనకు చేతకాలేదు.

"నా లెక్కనే. కుడి... పక్క" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో స్వరాజ్యానికి తెలియలేదు. చివరికి ఇద్దరూ నవ్వుకున్నారు.

ఉద్నాలో మిక్సీలు, ఇలాంటి మిషన్లు బాగుచేసే దుకాణం ఒకటుందని నీరజ చెప్పింది. కానీ ఆమెకు ఆ వారం సెలవు దొరకదు. శివకృష్ణది రెండు షిఫ్టుల పని. "నేను పోయి ఇచ్చొస్త" అంది స్వరాజ్యం.

లక్ష్మీరాజం మంచం దిగి చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

"నువ్వెక్కడికి?"

"నేను వస్త."

దవాఖానాకు తప్ప ఆయన ఇల్లు కదిలి ఏడాది దాటుతోంది. వాకిట్లో కుర్చీ వేస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు. నలుగురూ తన నడక చూస్తారని, తన నోరు చూస్తారని. స్వరాజ్యం ఆ మాట ఎత్తకుండా, "ఆటోల కుదుపులుంటయి. నేనొక్కదాన్నే పోయొస్త" అంది.

"నీకు చెప్పరాదు. ఏడ ఇరుక్కుందో... నాకు తెలుసు. వాడు కొత్త ముక్క ఏదో... ఏసి పాడుచేస్తడు." జబ్బు చేశాక ఆయన ఒకేసారి అంత పొడుగు మాట మాట్లాడింది లేదు.

స్వరాజ్యం ఇస్త్రీ చొక్కా తెచ్చి తొడిగింది. గుండీలు తాను పెట్టబోతే ఆయన వద్దన్నాడు. బొటనవేలు, చూపుడువేలు, పక్కన ఎడమచెయ్యి. పై గుండీ ఒక్కటే ఆమె పెట్టాల్సి వచ్చింది. మిషన్‌ను పాత దుప్పట్లో చుట్టి ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆటోలో దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు.

దుకాణం యజమాని దినేశ్ గుజరాతీ మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, స్క్రూలు విప్పి, చక్రం బయటికి తీశాడు. "కాకా, ఆమా తో దోరో ఘుసీ గయో ఛే" అన్నాడు. లోపలికి దారం దూరిపోయిందట.

"జరీ" అన్నాడు లక్ష్మీరాజం.

నిజంగానే జరీ పోగు. చక్రం ఇరుసుకు చుట్టుకుని బిగిసింది. దినేశ్ పట్టకారుతో కొస పట్టుకుని, చక్రాన్ని కాస్త పట్టుకోమని లక్ష్మీరాజం చేతికిచ్చాడు. ఆయన ఎవరో, ఆ చెయ్యి ఎలాంటిదో దినేశ్‌కు తెలియదు. ఎవరికైనా ఇచ్చినట్టే ఇచ్చాడు. లక్ష్మీరాజం కుడిచెయ్యి ముందుకు చాచాడు. చక్రం రెండు వేళ్ళ మధ్య కాస్త వణికింది గానీ పడలేదు. పోగు బయటికి వచ్చేదాకా పట్టుకునే ఉన్నాడు. పక్కన నిలబడిన స్వరాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దినేశ్ చక్రం బిగించి మిషన్‌ను దుకాణం నేల మీద వదిలాడు. సరిగ్గా నడిచింది. "నెలకోసారి ఈ చక్రం కూడా చూసుకోండి కాకా" అని హిందీలో చెప్పి, ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

ఇంటికి వస్తుంటే వీధి మొదట్లో లక్ష్మీరాజం ఆటో ఆపించాడు. ఆయన పనిచేసిన కార్ఖానా ముందు చాయ్ బండి ఉంది. సాంచాల చప్పుడు వీధంతా మోగుతోంది. షిఫ్టు మారే వేళ. తువ్వాళ్ళు దులుపుకుంటూ మనుషులు బయటికి వస్తున్నారు. అందరి తలల మీదా తెల్లటి నూగు. స్వరాజ్యం ముందు తాను దిగి ఆయనకు భుజం ఆనించింది.

"రాజమన్నా!"

పరమేశ్. చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టి ఎదురొచ్చాడు. దగ్గరికి వచ్చాక ఏం మాట్లాడాలో తోచక నిలబడిపోయాడు. లక్ష్మీరాజమే, "చాయ్ పోయిస్తవా, లేదా?" అన్నాడు. మాట కొంచెం తడబడినా అడగాల్సింది అడిగేశాడు.

"పోయియ్యకుంటనా అన్నా! జరగుండ్రి, అన్న కూసుంటడు" అని పరమేశ్ బెంచీ మీద ఉన్నవాళ్ళను లేపాడు. ఒకరొకరుగా పది మంది దాకా మూగారు. కొందరు కొత్తవాళ్ళు, ఒడియా పిల్లలు, ఎవరో పెద్దాయన అనుకుని చూస్తున్నారు. పాతవాళ్ళు "అన్నా, మంచిగైనవా", "రోజూ యాది చేసుకుంటం" అంటున్నారు. లక్ష్మీరాజం గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగాడు. కొంచెం చాయ్ ఒలికి బెంచీ మీద పడింది. పరమేశ్ మాట ఆపకుండానే భుజం మీది తువ్వాలు తీసి తుడిచేశాడు.

"గా దుప్పట్ల ఏందన్నా? పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవు" అని అడిగాడు.

లక్ష్మీరాజం దుప్పటి తీసి చూపించాడు. అది ఏమిటో, ఏం చేస్తుందో చెప్పడం మొదలుపెట్టాడు. మాటలు ఆగినచోట అందరూ ఆగి ఎదురుచూశారు. స్వరాజ్యం కాస్త దూరంగా అరుగు మీద కూర్చుని ఆయన్నే చూస్తూ ఉంది. ఇంటికెళ్ళి వంట చేయాలన్న సంగతి ఆమెకు గుర్తే రాలేదు.

సాయంత్రం నీరజ వచ్చాక జరిగిందంతా స్వరాజ్యమే చెప్పింది. చెబుతూ చెబుతూ కోడలి చెయ్యి పట్టుకుంది. "నువ్వు తేకపోతే ఏమైతుండెనో బిడ్డా" అంది. నీరజ "మేడమ్ ఇచ్చింది అత్తమ్మా, నేనేం చేసిన" అంటే, "అయితే ఆ మేడమ్‌కు ఫోన్ కల్పు. మీ మామ మాట్లాడ్తడంట" అంది.

ఫోన్‌లో హైమవతి కనిపించింది. వెనక ఎవరో అంట్లు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. "చెప్పమ్మా నీరజా, ఎలా ఉన్నారు? మిషన్ పనిచేస్తోందా? పాతదైపోయింది, విసిగిస్తోందేమో అనుకుంటున్నాను" అంది.

నీరజ ఫోన్ మామ చేతికిచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మేడమ్... నమస్తే. మీ మిషన్ మంచిగున్నది." ఆగాడు. "నేను గూడ... మంచిగున్న."

హైమవతికి ఆయన సంగతి నీరజ ద్వారా తెలుసు. "చాలా సంతోషం బాబాయ్ గారూ" అంది.

స్వరాజ్యం ఫోన్ ముందుకు వంగింది. "అమ్మా, సూరత్ వస్తే మా ఇంటికి రావాలె. సర్వపిండి చేసి పెడ్త. ఎన్నడన్న తిన్నరా సర్వపిండి?"

"లేదండీ, నీరజ టిఫిన్ డబ్బాలో చూడడమే. తప్పకుండా వస్తాను."

నీరజ ఫోన్ పెట్టేయబోతుంటే లక్ష్మీరాజం చెయ్యి ఊపి ఆపాడు. "ఆగు, ఆగు. బ్రష్ అరిగింది. కొత్తది... ఏడ దొరుకుతదో అడుగు."